లువాకి పెట్టని అన్నం

14 ఫిబ్రవరి, శుక్రవారం

ఉమ్మితో చేసే డీఎన్ఏ పరీక్ష ఫలితాలు వచ్చాయని మెయిల్. తెరవలేదు. తెరిస్తే కొత్తగా తెలిసేదేముంది, మేం తల్లీకూతుళ్ళమని తప్ప.

అసలు ఆ పరీక్ష మాకు అక్కర్లేదు. సైగాన్ పడిపోయి యుద్ధం ముగిసి యాభై ఏళ్ళయిన సందర్భమని ఎవరో స్వచ్ఛంద సంస్థవాళ్ళు ఉమ్మి పట్టే గొట్టాలు పంచారు. అప్పట్లో విమానాల్లో విదేశాలకు పంపేసిన మాలాంటి దత్తత పిల్లలకీ, ఇక్కడే మిగిలిపోయిన తల్లులకీ. యాభై దాటినా మమ్మల్ని పిల్లలనే అంటారు. డిసెంబర్‌లో నేనే రెండు గొట్టాలు తీసుకుని సా డెక్‌లో అమ్మ దగ్గరికి పట్టుకెళ్ళాను, సరదాకి. అమ్మకి ఎంతకీ ఉమ్మి ఊరలేదు. తమ్ముడు ఖోయ్ పక్కన నిలబడి, "పచ్చి మామిడికాయని తలుచుకోమ్మా" అన్నాడు. "నీ పెళ్ళాం వంట గుర్తొచ్చి ఉన్న తడి కూడా ఆరిపోతోందిరా" అంది అమ్మ.

15 ఫిబ్రవరి

తెరవలేదు. పని ఎక్కువగా ఉంది.

పని ఏమీ లేదు. ఈ పుస్తకంలో కూడా అబద్ధం రాస్తే ఎలా?

19 ఫిబ్రవరి, బుధవారం

తెరిచాను.

నా జాబితాలో మొదటి పేరు ఒహాయోలో ఇళ్ళు అమ్మిపెట్టే ఒకావిడది. మా ముత్తాతల ముత్తాతలు ఎక్కడో కలుస్తారట. తర్వాత పదకొండుమంది, అంతకన్నా దూరం. అమ్మ పేరు లేదు. అమ్మ ఫలితం కూడా నా మెయిల్‌కే వచ్చింది, అది విడిగా చూశాను. అందులో నా పేరు లేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చే మీట ఒకటుంది. నొక్కితే 'సంబంధం లేదు' అని వచ్చింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే.

గొట్టాలు తారుమారై ఉంటాయి. అన్ని వేల గొట్టాల్లో ఎవరో ఒకరు పొరపాటు చేయకుండా ఉంటారా? రేపు వాళ్ళకి రాస్తాను.

21 ఫిబ్రవరి

తారుమారు కాలేదట. మర్యాదగానే రాశారు.

23 ఫిబ్రవరి, ఆదివారం

వారం విడిచి వారం సా డెక్ వెళ్ళడం ఏడేళ్ళుగా అలవాటు. మానేస్తే అమ్మకి అనుమానం వస్తుందని వెళ్ళాను. మానేయలేక వెళ్ళానన్నది నిజం.

వాకిట్లో కొత్త పక్కింటావిడ ఉంది. అమ్మ ఆమెకి నా కథ చెబుతోంది. ఇప్పటికి వందమందికి చెప్పి ఉంటుంది. మొగుడు జనవరిలో లడాయిలో పోయాడు. శవం కోసం వెతుక్కుంటూ వెళ్ళాలి. ఏడాదిన్నర పిల్లని నది ఒడ్డున అనాథాశ్రమంలో వదిలి, నెలలో వచ్చి తీసుకుపోతానంది. వచ్చేసరికి ఆశ్రమం కిటికీలకి సైనికుల బట్టలు ఆరేసి ఉన్నాయి, పిల్ల లేదు.

"ఏ గుడ్డలో చుట్టి ఇచ్చానో ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. నీలం గుడ్డ. అంచున తెల్ల గుండీలు. దీన్ని అడుగు, దీనికీ గుర్తే" అంది అమ్మ నన్ను చూపిస్తూ.

తల ఊపాను.

ఆ నీలం గుడ్డ నేను కల్పించింది. పంతొమ్మిదేళ్ళప్పుడు అడిలైడ్‌లో దత్తత పిల్లల శిబిరంలో ప్రతివాళ్ళూ లేచి తమ కథ చెబుతున్నారు. నా దగ్గర ఒక్క కాగితం తప్ప ఏమీ లేదు. కాగితంలో పేరు, తండ్రి పేరు, ఊరు. అందరూ నా వైపే చూస్తున్నారు. నోటికి నీలం గుడ్డ వచ్చింది. గుండీలు ఆ తర్వాతి ఏడాది చేరాయి. అమ్మ దొరికినప్పుడు ఆ కథ ఆమెకీ చెప్పాను. మొదట్లో "ఏమోనే, గుర్తులేదు" అనేది. రెండేళ్ళకి రంగు గుర్తొచ్చింది. ఇప్పుడు అది ఆవిడ సొంత జ్ఞాపకం. గుండీలు ఎక్కడ కొన్నదో కూడా చెబుతుంది.

అన్నం తినేటప్పుడు చేప తలకాయ నా గిన్నెలో వేసింది. "పట్నంలో నీకెవరు పెడతారే, తిను" అంది. ఇష్టం లేకపోయినా ఏడేళ్ళుగా తింటున్నాను. ఇవాళ మాత్రం కళ్ళు కూడా వదలకుండా తిన్నాను.

27 ఫిబ్రవరి, గురువారం

దత్తత పిల్లల కొత్త బృందం వచ్చింది. పద్దెనిమిదిమంది, ఆరు దేశాల నుంచి. వాళ్ళని పాత ఆశ్రమాల చోట్లకి తిప్పడం, మాట అనువదించడం నా పని. మొదటిరోజు హోటల్ హాల్లో గుండ్రంగా కుర్చీలు వేసి కథలు చెప్పుకోవడం మామూలే.

పన్నెండేళ్ళుగా వింటున్నాను. మేమందరం చివరి విమానంలోనే వెళ్ళాం. మొదటి విమానంలో వెళ్ళినవాడు ఒక్కడూ నాకింతవరకు తగల్లేదు. అందరినీ అట్టపెట్టెలోనే పడుకోబెట్టారు. అందరి తల్లీ గేటు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఆర్నెల్ల పిల్లలుగా వెళ్ళినవాళ్ళకి కూడా ఆ తల్లి ముఖం గుర్తుంది. ఒకరి కథలో ముక్క ఇంకొకరి కథలోకి జారిపోతుంది, ఏళ్ళు గడిచేసరికి ఎవరిది ఎవరిదో ఎవరికీ తెలియదు. నేను నవ్వుకునేదాన్ని. నాకు కాగితం ఉంది, అమ్మ ఉంది, నాది మాత్రం నిజమని.

చివర్న నా వంతు. నాది ఎప్పుడూ చివరే పెడతారు. దొరికిన కథ కాబట్టి. ఇవాళ చెప్పకూడదని అనుకునే లేచాను. లేచాక మొత్తం చెప్పాను. నలభై ఏళ్ళు హీథర్ అన్న పేరుతో బతికి, కోర్టుకెళ్ళి లువా అన్న నా పేరు తిరిగి తెచ్చుకున్నది. ఏడేళ్ళ కింద పేపర్లో ఆ పేరు చూసి అమ్మ పడవ దిగి పరిగెత్తుకొచ్చింది. నీలం గుడ్డ. ఎప్పుడూ ఏడ్చేచోట ఏడుపొచ్చింది. అది దొంగ ఏడుపు కాదు. నార్వే నుంచి వచ్చిన ఒకాయన నా రెండు చేతులూ పట్టుకుని, "మీరు ఉన్నారన్న ధైర్యంతోనే వచ్చాను" అన్నాడు.

నాకు సిగ్గుగా ఉంది.

2 మార్చి, ఆదివారం

నేనున్న ఆశ్రమంలో ఆయాగా చేసిన మాన్ అవ్వ బతికే ఉందని చాన్నాళ్ళుగా తెలుసు. విన్ లాంగ్‌లో మనవరాలి దగ్గర ఉంటుంది. మిగతావాళ్ళందరినీ ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాను కానీ, నా గురించి ఒక్కమాట అడగలేదు. అవసరం ఏముందిలే అనుకునేదాన్ని. ఇవాళ ఒక్కదాన్నే వెళ్ళాను.

ఎనభై ఆరేళ్ళు. పాము చెవులు. నా కాగితం నకలు చేతిలో పెట్టాను. చదవడం రాదు, పేరు చదివి వినిపించాను.

"లువానా? బుగ్గ మీద మచ్చ ఉండేది. ఆ పిల్ల పోయింది కదే" అంది.

"నేనే అవ్వా."

"నువ్వెందుకు అవుతావు? నువ్వు ఆ కాగితం మీద వెళ్ళినదానివి." వేరుశెనగ ఒలిచినంత తేలిగ్గా చెప్పింది. దాచాల్సిన సంగతని ఆవిడకి తోచలేదు. "లువాకి తట్టు పోసింది. ఆ వారంలో తొమ్మిదిమందికి పోసింది. సమాధులు శుభ్రం చేసుకునే పండగ ఉంది చూడు, సరిగ్గా ఆ రోజు పొద్దున పోయింది. ఊళ్ళో అందరూ కత్తీ చీపురూ పట్టుకుని గోరీలకి పోతున్నారు, మేం ఇక్కడ గొయ్యి తవ్వుతున్నాం. మూడోరోజు బస్సు. కాగితాలు ఉన్న పిల్లలనే ఎక్కిస్తామన్నారు. దాని కాగితం ఉంది, అది లేదు. నువ్వున్నావు, నీకు కాగితం లేదు."

"నేనెవర్ని?"

"ఏమో. లాటరీ టికెట్లు అమ్మే మనిషి బస్టాండులో దొరికావని తెచ్చిచ్చాడు. ఆర్నెల్లో, ఏడో. ఇరవై ఆరో మంచం పిల్ల అనేవాళ్ళం. లువా పేరున్న చేతిపట్టీ దాని చేతి నుంచి నేనే విప్పి నీకు కట్టాను. నీ చెయ్యి సన్నం, రెండు చుట్లు తిప్పాల్సొచ్చింది." నా మోకాలి మీద తట్టి, "చూడు ఎంత బాగా బతికావో. వృథాగా పోనిచ్చానా?" అంది.

ఆవిడకి చాలా గర్వంగా ఉంది. థాంక్స్ చెప్పాలని నాకు తోచింది, చెప్పాను కూడా.

ఎక్కడ పాతిపెట్టారని అడిగాను. వంటింటి వెనక, నీళ్ళ కుండీ పక్కన. ఇప్పుడక్కడ మోటార్‌సైకిళ్ళు బాగుచేసే షెడ్డు ఉంది. నా బృందాలని ఆ షెడ్డు ముందు నిలబెట్టి ఎన్నిసార్లు ఫొటోలు తీశానో లెక్కలేదు.

అడిలైడ్‌లో నన్ను చూసిన మొదటి డాక్టరు, వయసుకి చాలా చిన్నగా ఉందని రాశాడు. బళ్ళోనూ అన్నిట్లో వెనకబడేదాన్ని. తిండి లేక అలా అయిందని ఇంట్లో జాలిపడేవాళ్ళు. నేను చిన్నగా లేను. నా వయసుకి సరిగ్గానే ఉన్నాను.

3 మార్చి

మాన్ అవ్వది పెద్ద వయసు. పొరపడి ఉండొచ్చు.

4 మార్చి

పొరపడలేదు.

5 మార్చి, బుధవారం

పడవ ఇంజన్ సామాన్ల కోసం ఖోయ్ సైగాన్ వచ్చాడు. కాఫీ దుకాణంలో మొత్తం చెప్పేశాను. అమ్మ రెండో పెళ్ళికి పుట్టినవాడు, నలభై నాలుగేళ్ళు. మామూలుగా నా భాష మీద జోకులేస్తాడు, వార్తలు చదివినట్టు మాట్లాడతావక్కా అని. ఇవాళ ఒక్క జోకూ వేయలేదు. గ్లాసులో ఐసు మొత్తం కరిగేదాకా స్పూన్ తిప్పుతూ కూర్చున్నాడు.

"అమ్మకి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. నువ్వు రాకముందు ఆ ఇల్లు ఎలా ఉండేదో నీకు తెలియదక్కా. ఏటా రెండో నెల పదోరోజు, ఆ పిల్లని వదిలేసి వచ్చిన తిథి అది, చచ్చిన రోజు తెలియదు కాబట్టి ఆ రోజే తద్దినం పెట్టేది. ముందువారం నుంచి ఎవరితోనూ మాట్లాడేది కాదు. నేను పుట్టినా, బడికెళ్ళినా, పెళ్ళి చేసుకున్నా, ఆ నెలొస్తే ఆవిడకి ఒక్కతే బిడ్డ. నువ్వొచ్చాక నాక్కూడా అమ్మ దొరికింది. ఎవరు నిన్నా పరీక్ష చేయించమన్నది?"

"ఆ పిల్ల సంగతి ఏంటి మరి?"

"చచ్చినదాని సంగతి చచ్చినది చూసుకుంటుంది. నువ్వు మా అక్కవి. నోరు మూసుకుని ఉండు."

మా అక్కవి అన్నాడు. ఆ మాట పట్టుకుని ఇంటిదాకా నడిచొచ్చాను. చెప్పను. నేను చెప్పకపోతే ఎవరికీ నష్టం లేదు.

9 మార్చి, ఆదివారం

చంద్రమాన లెక్కలో రెండో నెల పదోరోజు ఇవాళే. వెళ్ళాకే గుర్తొచ్చింది.

అమ్మ హుషారుగా ఉంది. నేను దొరికిన వారంలోనే, ఆ పిల్ల పేరున పెట్టుకున్న అగరొత్తుల గిన్నెని పడవలో తీసుకెళ్ళి నది మధ్యలో వదిలేసింది. నేనూ ఆ పడవలో ఉన్నాను. ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. ఇవాళ అదే తలుచుకుని, "ఎంత పిచ్చిదాన్నే, నిక్షేపంలా బతికున్నదానికి అన్నేళ్ళు పిండాకూడు పెట్టాను" అని కడుపు పట్టుకుని నవ్వింది.

తర్వాత రొయ్యలు ఒలుస్తూ, "ఈమధ్య ఓ కల పదేపదే వస్తోంది. చిన్న పిల్ల గుమ్మం బయట నిలబడి అన్నం అడుగుతుంది. లోపలికి రమ్మంటే రాదు. నువ్వే అది. పట్నంలో సరిగ్గా తింటున్నావా, లేదా? నిజం చెప్పు" అంది.

తింటున్నానన్నాను.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. అడిలైడ్‌లో క్వీన్ పేరున్న ఆస్పత్రి పక్కన, లూథరన్ చర్చి వెనక వీధిలో పెరిగినదాన్ని. బస్సులో తిరిగొస్తూ నాలుగు గంటలూ ఆ గుమ్మం గురించే ఆలోచించాను.

11 మార్చి

చెప్పను.

13 మార్చి

చెప్పాలంటే ఎలా చెప్పాలో కాగితం మీద రాసి చూసుకున్నాను. ఎటు తిప్పి రాసినా నా కథలాగే వస్తోంది. గేటు, బస్సు, చేతిపట్టీ. ఏడ్చే చోటు కూడా దానంతటదే వచ్చేసింది. చింపేశాను.

16 మార్చి, ఆదివారం

నా వారం కాదు. అమ్మ నన్ను చూసి, "ఏమే, ఉద్యోగం పీకేశారా?" అంది. కొబ్బరి కోరుతోంది.

చెప్పాను. మెట్టు మీద కూర్చుని, ఉత్తమాటల్లో. పరీక్ష, మాన్ అవ్వ, తట్టు, పండగరోజు, కాగితం. నీలం గుడ్డ కూడా నేను కల్పించినదేనని చెప్పాను.

కోరడం ఆపలేదు. చిప్ప ఖాళీ అయ్యాక కూడా కోరుతూనే ఉంది. చివరికి నేనే చేతిలోంచి తీసుకున్నాను.

మూడు ప్రశ్నలు అడిగింది. బాగా జ్వరపడిందా? పోయేటప్పుడు ఎవరైనా ఎత్తుకున్నారా? ఏ రోజు? జ్వరం నాలుగురోజులు. ఎత్తుకున్నారో లేదో మాన్ అవ్వకి గుర్తులేదు, నేను ఎత్తుకున్నారని చెప్పాను. రోజు చెప్పాను. అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టి, "రెండో నెల ఇరవై నాలుగు" అంది. నా గురించి ఒక్కటీ అడగలేదు.

"ఏడేళ్ళు. ఏడేళ్ళ నుంచి దానికి మెతుకు పెట్టలేదు" అంది. నాతో కాదు.

ఆ ఏడేళ్ళూ తిన్నది నేను.

బస్సు దాకా ఖోయ్ దిగబెట్టాడు. దిగాక, "తృప్తిగా ఉందా?" అన్నాడు. లేదు. చెప్పేస్తే బరువు దిగుతుందని అందరూ అంటారు, నేనూ బృందాలకి అదే చెబుతూ వచ్చాను. దిగలేదు.

17 మార్చి

ఫోన్ రాలేదు.

18 మార్చి

ఫోన్ రాలేదు.

19 మార్చి, బుధవారం

అమ్మ చేసింది. గొంతు మామూలుగా ఉంది. ఈ ఆదివారమే ఇరవై నాలుగో రోజు, తద్దినం పెడుతోంది. కొత్త గిన్నె కొన్నది. విన్ లాంగ్ షెడ్డు దగ్గరికి ఖోయ్‌ని పంపి గుప్పెడు మట్టి తెప్పించింది.

"నువ్వు రా. రాకపోతే నేనూరుకోను" అంది. ఎంత సంతోషం వేసిందో రాయలేను.

తర్వాత గొంతు తగ్గించింది. "కానీ ఒకటి. చచ్చినవాళ్ళకి అన్నం పెట్టేటప్పుడు పేరు పెట్టి పిలవాలి. ఏ పేరు పెట్టామో ఆ పేరుతోనే. పిలిస్తేగాని రారు. అదే పేరుతో బతికున్న మనిషి ఇంట్లో తిరుగుతుంటే, ఆ చంటిది తనని కాదేమో అనుకుని గుమ్మంలోనే ఆగిపోతుంది. ఇన్నాళ్ళూ అదే కదా జరిగింది."

"అయితే నేను బయటుంటాను."

"ఆ రోజుకి బయటుంటే చాలదు. ప్రతి ఏడూ పిలవాలి, నేను పోయాక ఖోయ్ పిలవాలి." ఊపిరి తీసుకోవడం వినిపించింది. "ఆ పేరు దానికి వదిలెయ్యి. దానికి నేనిచ్చింది అదొక్కటే. గుడ్డ కూడా ఇవ్వలేదట కదా. నీకు అక్కడివాళ్ళు పెట్టిన పేరు ఉంది, మంచి పేరే కదా అది."

కోపంగా అనలేదు. బతిమాలుతూ అంది. సరేనన్నాను.

నన్ను పెంచి, హీథర్ అని పిలిచేవాళ్ళిద్దరూ అడిలైడ్‌లో పక్కపక్కన పడుకుని ఉన్నారు. వాళ్ళ అంత్యక్రియలప్పుడు కూడా నేను ఆ పేరుకి పలకలేదు. నా పేరు లువా అని పాస్టరు గారిని సరిదిద్దాను.

21 మార్చి

బృందం వాట్సాప్‌లో నార్వే ఆయన రాశాడు, ఏప్రిల్ సభలో నా కథే మొదట పెడదామని. జవాబివ్వలేదు. నా ఫొటో కింద పేరుని ఏమని మార్చాలో తెలియక దాని మీద చాలాసేపు వేలు పెట్టుకుని కూర్చున్నాను.

23 మార్చి, ఆదివారం

పదకొండు గంటలకి వెళ్ళాను. కాలువకి ఇవతలి ఒడ్డున ఊయల మంచాల కాఫీ దుకాణం ఉంది, అక్కడే ఆగాను. ఇల్లు ఎదురుగా కనబడుతుంది. మధ్యలో బురద నీళ్ళు, ఓ వంతెన.

పెద్దగా జనం లేరు. ఖోయ్, అతని భార్య, పక్కింటావిడ. అమ్మ గుమ్మం దగ్గర చిన్న బల్ల వేసింది. పెద్దవాళ్ళకి పెట్టే మాంసం, వేపుళ్ళు ఏమీ లేవు. గంజి, అందులో మెదిపిన గుడ్డు. ఆ పిల్లకి అప్పటికి నమిలే పళ్ళు సరిగ్గా రాలేదట. పొగ మా ఒడ్డు వరకూ వచ్చింది.

అమ్మ గుమ్మంలో నిలబడి పిలిచింది. నేను ఎన్నో ఆదివారాలు విన్న గొంతే. అన్నం వేళకి నేను కాలువ ఒడ్డున ఫోన్ మాట్లాడుతూ ఉంటే పిలిచే గొంతు.

"లువా. రా తల్లీ. అన్నం చల్లారిపోతోంది."

నోటిదాకా వచ్చింది, వస్తున్నానమ్మా అని. చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. రెండోసారి పిలిచింది. మూడోసారి ఇంకా గట్టిగా, దూరం నుంచి రావాల్సినవాళ్ళని పిలిచినట్టు పిలిచింది. ఇటువైపు చూడలేదు. అప్పుడు ఏడ్చాను. ఎప్పుడూ ఏడ్చే తీరులో కాదు. దుకాణం ఆవిడ వచ్చి తడిగుడ్డ ఇచ్చి వెళ్ళింది.

అగరొత్తులు కాలేదాకా ఆగి ఖోయ్ వంతెన దాటొచ్చాడు. "పద, అమ్మ భోజనానికి రమ్మంటోంది" అన్నాడు.

వెళ్ళాను. పక్కింటావిడ పక్కన నాకు చాప వేశారు. అమ్మ ముఖం తేటగా ఉంది. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ చూడనంత తేటగా ఉంది. అందరికీ వడ్డిస్తూ నా దగ్గరికి వచ్చింది. ఏదో అనబోయింది. పెదాలు విచ్చుకున్నాయి, పిలవడానికి ఏమీ దొరకలేదు. గిన్నె నా ముందుకి జరిపి వెళ్ళిపోయింది.